వైద్య జర్నళ్ల సంపాదక పీఠం: ఒక వాదోపవాదం

చర్చకు పెట్టుకున్న అంశం ఇది: ఏ రోగానికి ఏ మందు వాడాలో ప్రపంచానికి చెప్పే పెద్ద వైద్య జర్నళ్లలో ప్రధాన సంపాదకులుగా స్త్రీలు తక్కువగా ఉండడం కాలంతోపాటు దానంతటదే తీరే లోపమా, నియామక పద్ధతి మారితే తప్ప తీరని లోపమా? మొదటి పక్షాన మాట్లాడినవారు జనరల్ మెడిసిన్ ఆచార్యులుగా పదవీ విరమణ చేసిన గురువు. రెండో పక్షాన మాట్లాడింది ఆయన దగ్గరే ఎం.డి. చేసిన శిష్యురాలు.

గురువు: లెక్కతోనే మొదలుపెడతానమ్మా. ఆరు ప్రముఖ జర్నళ్లలో అమెరికా వైద్యులు రాసిన పరిశోధనా పత్రాలను తీసుకుంటే, మొదటి రచయితల్లో స్త్రీలు 1970లో 5.9 శాతం, 2004లో 29.3 శాతం. పరిశోధనకు పెద్ద దిక్కుగా చివర పేరుండే సీనియర్ రచయితల్లో స్త్రీల వాటా అదే కాలంలో 3.7 నుంచి 19.3 శాతానికి పెరిగింది. ప్రధాన సంపాదకులయ్యేది సాధారణంగా ఈ సీనియర్ల నుంచే. 41 వైద్య విభాగాల్లోని నాలుగు వందలకు పైగా అగ్రశ్రేణి జర్నళ్లపై 2021లో వెలువడిన అధ్యయనం ప్రధాన సంపాదకుల్లో స్త్రీలు 21 శాతమని తేల్చింది. 19.3, 21 అనే ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకటిన్నర దశాబ్దం ముందు సీనియర్ రచయితల్లో స్త్రీల వాటా ఎంతో, 2021 నాటికి ఆ కుర్చీల్లోనూ దాదాపు అంతే. ఇందులో నాకు అన్యాయం కనిపించడం లేదు, ఆలస్యం మాత్రమే కనిపిస్తోంది.

శిష్యురాలు: సార్, మీరు చెప్పిన 2021 అధ్యయనంలోనే 21 అనేది సగటు. విభాగాలవారీగా చూస్తే అది సున్నా నుంచి 82 శాతం దాకా ఉంది. సైకియాట్రీ, అనస్థీషియా, ఆఫ్తాల్మాలజీ (కంటి వైద్యం)లతో కలిపి ఐదు విభాగాల్లో ఒక్క స్త్రీ కూడా లేరు. ఈ మూడూ ఆడపిల్లలు పీజీలో చేరడానికి వెనుకాడే విభాగాలు కావని నాకన్నా మీకే బాగా తెలుసు. కారణం ఆలస్యమే అయితే అక్కడ చిన్న అంకె ఉండాలి గాని సున్నా ఉండకూడదు. పైగా ఆ కుర్చీ ఎన్నేళ్లకొకసారి ఖాళీ అవుతుందో చూడండి. 1812లో మొదలైన అమెరికా వైద్య పత్రిక న్యూ ఇంగ్లండ్ జర్నల్‌కు 1999లో గాని మార్షా ఏంజెల్ రూపంలో ఒక సంపాదకురాలు రాలేదు, అదీ తాత్కాలికంగానే. 2000లో వచ్చిన జెఫ్రీ డ్రేజన్ 2019 దాకా ఉన్నారు. 1823లో పుట్టిన బ్రిటిష్ జర్నల్ లాన్సెట్‌లో రిచర్డ్ హోర్టన్ 1995లో బాధ్యత తీసుకుని పాతికేళ్లు దాటినా కొనసాగారు. వారి సమర్థతను నేను శంకించడం లేదు. కాని ఒక నియామకం ఒక తరం మొత్తానికి సరిపోతున్నప్పుడు, కాలం సరిదిద్దుతుందని చెప్పడం అంటే నా విద్యార్థినులను వాళ్ల రిటైర్‌మెంట్ దాకా ఆగమనడమే.

గురువు: ఏ నియమమూ లేకుండానే వచ్చినవాళ్లు ఉన్నారు కదా. అమెరికా వైద్య సంఘం జర్నల్ జామాకు 2000లో కేథరిన్ డీ ఏంజెలిస్, 2022లో కిర్‌స్టెన్ బిబిన్స్-డొమింగో వచ్చారు. ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌కు 2009లో క్రిస్టీన్ లేన్ వచ్చారు. బ్రిటన్‌లోని బీఎంజే జర్నల్‌ను 2005 నుంచి 2021 దాకా ఫియోనా గాడ్లీ నడిపారు. ఫ్లూ మందు టామీఫ్లూపై జరిగిన పరీక్షల పూర్తి వివరాలు బయటపెట్టాలని రోష్ కంపెనీని ఆ జర్నల్ ఏళ్ల తరబడి నిలదీసింది ఆమె హయాంలోనే. అంతటి సంపాదకురాలిని స్త్రీలకు కేటాయించిన వాటా కింద వచ్చిందని ఎవరైనా చిన్నచూపు చూస్తే నేను భరించలేను. ఇంకొక సంగతి. 145 జర్నళ్లకు వచ్చిన పత్రాలపై జరిగిన విస్తృత అధ్యయనం 2021లోనే వెలువడింది. స్త్రీలు రాసిన పత్రాలకు సమీక్షలో అన్యాయం జరగడం లేదని, కొంత మొగ్గు వాటివైపే ఉందని అది చెప్పింది. కుర్చీలో ఎవరున్నా తూకం సరిగానే ఉన్నప్పుడు తలలు లెక్కపెట్టడం దేనికి?

శిష్యురాలు: ఆ అధ్యయనాన్ని నేను ఒప్పుకుంటాను. అయితే అది తూచింది జర్నల్‌కు తమంతట తాముగా వచ్చిన పత్రాలను. సంపాదకులు తామే పిలిచి రాయించుకునేవి వేరే ఉంటాయి. ఒక కొత్త పరిశోధన అచ్చవుతుంటే, దాని బాగోగులు చెప్పే వ్యాఖ్యను ఒక నిపుణుడిని అడిగి రాయిస్తారు. 2459 వైద్య జర్నళ్లలో ఇలాంటి ఆహ్వాన వ్యాఖ్యలను పరిశీలించి 2019లో ఒక అధ్యయనం వచ్చింది. అదే రంగంలో అంతే నైపుణ్యం, అంతే అనుభవం ఉన్న పురుషులతో పోలిస్తే స్త్రీలు అలాంటి వ్యాఖ్య రాసే అవకాశం 21 శాతం తక్కువ. అనుభవం పెరిగిన కొద్దీ ఆ తేడా తగ్గాల్సింది పోయి పెరిగింది. కారణం ఊహించడం కష్టం కాదు. అక్కడ దరఖాస్తు ఉండదు, పోటీ ఉండదు, సంపాదకులకు ఎవరి పేరు గుర్తొస్తే వారికే కబురు వెళుతుంది. వ్యాఖ్యలు రాసినవారిని సంపాదకవర్గంలోకి తీసుకుంటారు, సంపాదకవర్గంలో ఉన్నవారిలో ఒకరు రేపు ప్రధాన సంపాదకులవుతారు. మీరు ఆలస్యమంటున్నది ఈ దారిలోనే పుడుతోంది, సార్.

గురువు: పిలుపుల సంగతి నేనూ చూశాను, కాదనను. అయినా రోగికి దీనివల్ల ఒరిగేదేమిటి? నిద్రమాత్ర జోల్పిడెమ్ స్త్రీల శరీరం నుంచి నెమ్మదిగా పోతుంది కనుక వారికి మోతాదు సగానికి, 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించాలని 2013లో చెప్పింది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ. ఏ సంపాదకురాలూ కాదు.

శిష్యురాలు: ఆ మందు మార్కెట్లోకి వచ్చిన ఇరవై ఏళ్లకు చెప్పింది. ఆ ఇరవై ఏళ్లలో ఆడ రోగుల ఫలితాలు విడిగా చూపించండి అని అచ్చువేసే జర్నళ్లు పట్టుబట్టి ఉంటే సంగతి ముందే తేలేదని నా నమ్మకం. అలా అడగమని చెప్పే సేజర్ మార్గదర్శకాలు 2016లో వచ్చాయి. వాటిని తయారుచేసిన యూరప్ సైన్స్ ఎడిటర్ల కమిటీకి నాయకత్వం వహించింది షిరిన్ హైదరీ అనే స్త్రీ. మగవాళ్లు ఆ ప్రశ్న వేయలేరని నేననను. ఎవరికి తగిలిందో వాళ్లకు ముందు తడుతుందంటాను. ఇక వాటా సంగతి. నేను వాటా అడగనే లేదు. పదవికి గడువు పెట్టమంటున్నాను, ఖాళీని బహిరంగంగా ప్రకటించమంటున్నాను, ఏ అర్హతలతో ఎంచారో చెప్పమంటున్నాను. అంతా మగవాళ్లే కూర్చునే చర్చావేదికల్లో తమ సంపాదకులు పాల్గొనరని లాన్సెట్ బృందం 2019లో తనకు తానే నియమం పెట్టుకుంది. ఆ పట్టుదల ఎంపికల దగ్గర కూడా ఉండాలి. మీరు కూడా ఒక జర్నల్ సంపాదకవర్గంలో చాలాకాలం ఉన్నారు. మిమ్మల్ని ఎలా తీసుకున్నారు?

గురువు: మా ఆచార్యులవారు నా పేరు చెప్పారు. గడువు ఉండాలన్న మాట దగ్గర నేను నీతో ఏకీభవిస్తానమ్మా, మిగిలిన రెండింటి మీద ఇంకా ఆలోచించుకోవాలి. నేను తప్పుకునేటప్పుడు నా చోటికి ఇద్దరి పేర్లు ఇమ్మన్నారు. ఇద్దరూ నా శిష్యులే, ఇద్దరూ యోగ్యులే. ఆ వారం నువ్వు మా ఇంటికి వచ్చి నీ కొత్త పత్రం నాకు చూపించి వెళ్లావు. నీ పేరు ఇవ్వాలన్న ఆలోచనే నాకు రాలేదు.