రిబేటు 'దాకా' వచ్చి ఆగిపోయింది

ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంప్ కొన్నందుకు కొంత డబ్బు వెనక్కిస్తామన్న కరెంటు కంపెనీ రిబేటుకి పెట్టిన దరఖాస్తుని మూడోసారి తిప్పి పంపారండీ. మూడోసారి! పొద్దున్నే కాఫీ ఇంకా సగం కూడా తాగలేదు, ఈమెయిల్ వచ్చింది. 'మీ దరఖాస్తు అసంపూర్తిగా ఉంది' అట. ఏమిటయ్యా అసంపూర్తి అని చూస్తే, హీట్ పంప్ మీదున్న స్టిక్కర్ ఫోటోలో మోడల్ నంబర్ చివర సున్నా ఉంది, కాంట్రాక్టర్ ఇచ్చిన బిల్లులో ఇంగ్లిష్ ఓ ఉంది. కాబట్టి అది వేరే మిషన్ అట. నా ఇంటి పక్కన గుర్రుమంటున్నది మరేమిటో వాళ్ళే చెప్పాలి.

మొదటిసారి ఫోటో మసగ్గా ఉందన్నారు. ఆ స్టిక్కర్ ఎక్కడుందో తెలుసా? మిషన్‌కీ గోడకీ మధ్య జానెడు సందు వైపు. మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి సందులో దూర్చి ఫోటో తీస్తే, ఫ్లాష్ వేస్తే తెల్లటి మరక, తీసేస్తే చీకటి. చివరికి మా ఆవిడ పక్కనుంచి టార్చి పట్టుకుంటే తీశాను. "మన పెళ్ళి ఫోటోలకి కూడా ఇంత ఓపిక పట్టలేదు మీరు" అంది. రెండోసారి లోపలి యూనిట్ ఫోటో కూడా కావాలన్నారు. అది అటక మీద ఉంది. మొదటే అడిగి ఉంటే ఒకే రోజు రెండూ తీసేవాడిని కదా అని అడగడానికి అవతల మనిషి ఉంటేగా. 'ఈ మెయిల్‌కి జవాబు ఇవ్వకండి' అని కింద రాసి ఉంటుంది.

ఇంతకీ బయటి యూనిట్, లోపలి యూనిట్ జోడీకి ఏహెచ్‌ఆర్‌ఐ (ఏసీలు, హీట్ పంపులు తయారుచేసే కంపెనీల సంఘం) సర్టిఫికెట్ అని ఒకటి ఉంటుంది. జాతకాల పొంతన లాంటిదన్నమాట. రెండు నంబర్లూ కలిస్తేనే రిబేటు. మాకు పెళ్ళయి కాపురం కూడా మొదలయ్యాక జాతకాలు కలవలేదంటున్నారు.

హీట్ పంప్ మీద నాకేం కోపం లేదు. మంచి వస్తువే. వేసవిలో లోపలి వేడిని బయట పారేసే ఏసీనే చలికాలంలో తిరగేసి, బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ లోపలికి లాక్కొస్తుంది. వేడిని పుట్టించదు, మోసుకొస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుకి రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. ఇల్లు వెచ్చగానే ఉంది. మండుతున్నది నేను.

అమెరికాలో ఇల్లు కొన్న ప్రతివాడికీ ఈ 'దాకా' అనే మాట తెలిసే ఉంటుంది. సేల్స్‌మన్ మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఐప్యాడ్ తెరిచాడు. రాష్ట్రం రిబేటు 8,000 డాలర్ల దాకా. ఫెడరల్ టాక్స్ క్రెడిట్, అంటే కేంద్ర ప్రభుత్వం మన పన్నులో తగ్గించేది, 2,000 దాకా. కరెంటు కంపెనీ ఇచ్చేది ఇంకొంత దాకా. అన్నీ కూడి, మొత్తంలోంచి తీసేసి, కింద పచ్చరంగులో ఒక చిన్న అంకె చూపించాడు. ఆ పచ్చ అంకె చూసే కదా నేను సంతకం పెట్టింది! చిన్నప్పుడు తిరునాళ్ళలో రింగులాట వాడు కూడా ఇంత బాగా చూపించలేదు.

ఒక్కో 'దాకా' కథ చెబుతా వినండి. ఆ 8,000 అనేది 2022లో వచ్చిన చట్టం కింద రాష్ట్రాల చేతుల మీదుగా ఇచ్చేది. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉన్నవాళ్ళకి మొత్తం, 150 శాతం వరకు ఉన్నవాళ్ళకి సగం ఖర్చు. పైన ఉన్నవాళ్ళకి గుండు సున్నా. లేనివాళ్ళకి ఇవ్వడం న్యాయమే, నేను కాదనను. కానీ మొగుడూ పెళ్ళాం ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నామని మొదటి అయిదు నిమిషాల్లోనే ఆ సేల్స్‌మన్‌కి తెలుసు. అయినా ఆ 8,000 తీసేసే చూపించాడు! అడిగితే "మీ ఆదాయం గురించి మేం సలహా ఇవ్వకూడదు సర్" అన్నాడు. ఎంత మర్యాదస్తుడో.

ఇక ఫెడరల్ క్రెడిట్. ఇది తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది. ఖర్చులో 30 శాతం, ఏడాదికి 2,000 మించకుండా. 2032 చివరి వరకు ఉంటుందని చట్టంలో రాసిన క్రెడిట్ అది. 2025 జులై 4న కొత్త చట్టం మీద సంతకం పడింది, 2025 డిసెంబర్ 31తో సరి అన్నారు. సరే, నేను అక్టోబర్‌లోనే అడ్వాన్స్ కట్టాను. కానీ డబ్బు కట్టిన తేదీ లెక్కలోకి రాదట, బిగించడం పూర్తయిన తేదీయే లెక్కట. మా ఇంటి కరెంటు ప్యానెల్ 100 ఆంపులది. దాన్ని 200 చేయాలన్నారు. దానికి పర్మిట్, పర్మిట్‌కి ఇన్‌స్పెక్షన్, ఇన్‌స్పెక్టర్‌కి క్రిస్మస్ సెలవులు. మిషన్ డబ్బా డిసెంబర్ అంతా మా గరాజులో కూర్చుంది. దాని చుట్టూ తిరిగి కారు ఎక్కేవాళ్ళం. జనవరి రెండో వారంలో బిగించారు. 2,000 డాలర్లు గంగలో కలిశాయి. "డిసెంబర్‌లోపు అయిపోతుంది సర్, నాదీ బాధ్యత" అన్నవాడు ఇప్పుడు ఫోన్ ఎత్తడు. అమ్మేటప్పుడు మాత్రం రోజుకి మూడుసార్లు చేసేవాడు, ఆదివారం కూడా.

ఫైనాన్సింగ్ గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. '18 నెలలు వడ్డీ లేదు' అన్నారు. ఆహా అనుకున్నాను. మా ఆవిడ మాత్రం "నగదు ఇస్తే ఎంత?" అని ఒక్క ప్రశ్న వేసింది. ధర 2,900 డాలర్లు తగ్గింది! అప్పు ఇచ్చేవాడు కాంట్రాక్టర్ దగ్గర డీలర్ ఫీజు అని పట్టుకుంటాడు, అది ముందే మన ధరలో కలిపేసి ఉంటుంది. వడ్డీ లేదని ఎవరన్నారు, మొదటి రోజే మొత్తం కట్టించుకుంటున్నారు. పైగా 18 నెలల్లో ఒక్క డాలరు మిగిలినా, మొదటి రోజు నుంచి వడ్డీ తవ్వి తీస్తామని చిన్న అక్షరాల్లో ఉంది. ఆ అక్షరాలు చదవడానికి నాకు ఈమధ్యే మార్చిన కళ్ళజోడు కూడా చాలలేదు.

నాకీ రిబేటు అనే మాటంటేనే మంట. ఈ దేశం వచ్చిన కొత్తలో ప్రింటర్ కొన్నాను. 50 డాలర్లు మెయిల్-ఇన్ రిబేటు. అట్టపెట్టె మీద బార్‌కోడ్ కత్తెరతో కత్తిరించి, ఒరిజినల్ రసీదు జతచేసి, ఫారం నింపి పోస్టు చేయాలి. చేశాను. ఎనిమిది వారాల తర్వాత ఉత్తరం వచ్చింది, 'తప్పు బార్‌కోడ్ పంపారు' అని. ఆ పెట్టె మీద రెండు బార్‌కోడ్‌లున్నాయి మరి! పెట్టె అప్పటికే చెత్తలోకి పోయింది. పెట్టె చిరిగిందని ప్రింటర్ వాపసు కూడా తీసుకోలేదు. అప్పట్లో 50 డాలర్లంటే మా నెల పాలు, కూరగాయలు. ఇన్నేళ్ళయినా అదే ఆట, కత్తెర బదులు ఫోన్ కెమెరా వచ్చిందంతే. ఇచ్చే ఉద్దేశమే ఉంటే బిల్లులోనే తగ్గించొచ్చుగా? మనం విసిగిపోయి వదిలేస్తామనేగా ఈ తతంగమంతా?

ఇక మా వాట్సాప్ గ్రూపులో ఒక మహానుభావుడు ఉన్నాడు. "నాకైతే అన్నీ వచ్చాయి బ్రో, డాక్యుమెంటేషన్ పక్కాగా ఉండాలి" అని నవ్వే బొమ్మ పెట్టాడు. వాడి ఫారాలన్నీ వాళ్ళ బావమరిది నింపాడని నాకు తెలుసు. తాను రాసిందల్లా ఆ మెసేజ్ ఒక్కటే.

దరఖాస్తుకి గడువు ఇంకో పదకొండు రోజులు. బిల్లులో ఓ తీసి సున్నా పెట్టించాలి, దానికి కాంట్రాక్టర్ దొరకాలి. ఆఫీసుకి ఫోన్ చేసి నలభై నిమిషాలుగా హోల్డ్‌లో ఉన్నాను, ఇదంతా ఆ పాట వింటూనే టైప్ చేస్తున్నా. ఇప్పుడే ఎవరో ఎత్తారు... లేదు, మళ్ళీ పాటే.