ఆ నూట యాభై పేపర్లలో గుంటూరు పేషెంటు ఎక్కడ?

మా పిన్నిని చూపించడానికి విజయవాడ సూర్యారావుపేటలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాం. గోడ మీద బోర్డులో డిగ్రీల కింద ‘150కి పైగా పరిశోధన పత్రాలు’ అని ఉంది. ‘‘ఇంత రాసినాయన, తగ్గించకపోతాడా’’ అని పిన్ని ధైర్యం తెచ్చుకుంది. మా నంబరు వచ్చేలోపు గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఫోన్లో పబ్‌మెడ్, అంటే వైద్య పరిశోధన పత్రాలు వెతికే వెబ్‌సైట్, తెరిచి ఆ పేపర్లు చూస్తూ కూర్చున్నాను.

కొన్ని ఎడిటర్‌కు రాసిన చిన్న లేఖలు. కొన్ని ఒక్క పేషెంటు గురించిన కేస్ రిపోర్టులు. కొన్నింట్లో పది మంది రచయితల మధ్య ఎక్కడో ఆయన పేరు. ఇందులో తప్పేమీ లేదు, మెడికల్ కాలేజీలో ప్రమోషన్ కావాలంటే పేపర్లు ఉండాల్సిందే. కానీ లేఖకీ, ఏళ్ల తరబడి చేసిన అధ్యయనానికీ బోర్డు మీద ఒకే లెక్క. పరిశోధకుడి స్థాయిని కొలవడానికి ఇప్పుడు అందరూ చెప్పుకునే హెచ్-ఇండెక్స్ అనే అంకెను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. 20 పేపర్లను ఒక్కోదాన్నీ కనీసం 20 సార్లు ఇతరులు ప్రస్తావిస్తే ఆ అంకె 20. మెచ్చుకుని ప్రస్తావించారా, తప్పు పట్టారా అన్నది ఆ అంకెకు తెలియదు.

సైకియాట్రీ చరిత్రను మలుపు తిప్పినవాటిలో చిన్న పేపర్లున్నాయి. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ ఉన్మాదంతో ఉన్న పది మందికి లిథియం ఇచ్చి, ఫలితాన్ని ఒక పేపర్లో రాశారు. ఆ మందును నేటికీ వాడుతున్నారు. అంతకు ముందే, 1931లో, గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ సర్పగంధ వేరు రక్తపోటుకూ మతి చలించినవారికీ పనిచేస్తోందని ఒక భారతీయ పత్రికలో రాశారు. పాశ్చాత్య సైకియాట్రీ దాన్ని పట్టించుకోవడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

మరి మన గురించి ఎవరు రాస్తున్నారు? బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. మన డాక్టర్లూ, మన పత్రికలూ ఈ అంకెనే చెబుతాయి. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ కూడా లేదు.

గుంటూరు మిర్చి రైతు ఇంట్లో పురుగుమందు డబ్బా చేతికందే దూరంలో ఉంటుంది. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను 1995 నుంచి ఆపేశారు. 2005 నాటికి అక్కడ ఆత్మహత్యల రేటు సగానికి తగ్గిందని పరిశోధకులు లెక్కతీసి చూపించారు. ఆ పని నాకు నూట యాభై కేస్ రిపోర్టుల కంటే పెద్దది. మన జిల్లాల్లో అలాంటి లెక్క రాసినవాళ్లుంటే బోర్డు మీద ఆ ఒక్కటి రాసుకున్నా చాలు.

మా వంతు వచ్చింది. పిన్ని ‘‘నరాలు లాగేస్తున్నాయి బాబూ, అరికాళ్లలో మంటలు, ఏ పనీ చేయబుద్ధి కావట్లేదు’’ అంది. దిగులు అన్న మాట ఆమె నోట రానే లేదు. డాక్టరు గారు ఓపికగా విని, చీటీ మీద డిప్రెషన్ అని రాశారు. అది సరైన మాటేనని మందులు మొదలుపెట్టాక మాకు తెలిసింది. నరాలు లాగడం నుంచి డిప్రెషన్ దాకా ఆయన ఎలా వెళ్లారో ఆయన అనుభవానికి తెలుసు. నేను చూసినంతలో ఆయన పేపర్లలో మాత్రం అది లేదు. కొత్తగా వచ్చే డాక్టరు దాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

ఎండీ సైకియాట్రీ చదివే ప్రతి విద్యార్థీ థీసిస్ రాయాలి. గుంటూరు, విజయవాడ ఓపీల్లో కూర్చున్న మన మనుషుల మాటలు దొరికేది వాటిలోనే. విజయవాడలోనే ఉన్న హెల్త్ యూనివర్సిటీ వాటి సారాంశాలను తెలుగులో, ఫోన్లో వెతికితే దొరికేలా పెట్టాలి. పిన్నికి ఇంగ్లిష్ రాదు, తెలుగు బాగా చదువుతుంది.