వెళ్ళేముందు ఉన్నట్టు, వచ్చాక లేనట్టు

విదేశీ విహారయాత్రకు మొట్టమొదట కావలసినది పాసుపోర్టు అని చాలామంది అమాయకంగా నమ్ముతారు. పోలీసు విచారణ సవ్యంగా జరిగితే చాలు, పదిహేను వందల రూపాయలు కట్టిన ఎవరికైనా పాసుపోర్టు వస్తుంది. అసలు కావలసినది ఒకే సొమ్మును నలుగురికి నాలుగు విధాలుగా చూపించగల నేర్పు. కాన్సులేటువారికి అది దండిగా ఉన్నట్టు కనబడాలి. ఆదాయపు పన్ను శాఖకు అంతంతమాత్రంగా ఉన్నట్టు తోచాలి. అప్పిచ్చే బ్యాంకుకు నెలనెలా వాయిదా కట్టగలిగినంత ఉన్నట్టు, ఎగ్గొట్టి వెళ్ళిపోయేటంత మాత్రం లేనట్టు అనిపించాలి. చుట్టాలకైతే ఏమీ లేదనే చెప్పాలి, ఎందుకంటే వారిలో ఒకరిద్దరికి మనం ఇంకా బాకీ ఉన్నాం. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులకు తడుముకోకుండా జవాబు చెప్పే అవధానిని మనం శాలువా కప్పి సత్కరిస్తాం. వేసవి సెలవుల్లో భార్యాబిడ్డలను స్విట్జర్లండుకు, పారిస్‌కు తిప్పి తెచ్చిన హైదరాబాదు గృహస్థుకు మాత్రం ఇంతవరకు ఏ సాహితీ సంస్థా శాలువా కప్పలేదు. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఇక్కడా ఉంటాడు. ఆ బాధ్యతను సాధారణంగా పెదనాన్నగారు స్వీకరిస్తారు: "మంచు చూడటానికి అంత దూరం దేనికిరా, కాశ్మీరులో కరిగిపోయిందా?"

ముందుగా రుసుము సంగతి. షెంగెన్ వీసా ఒక్కటి చేతికి వస్తే ఐరోపాలో 29 దేశాలు తిరగవచ్చు. 2024 జూన్‌లో దాని ధర పెద్దలకు 80 యూరోల నుంచి 90కి పెరిగింది; ఆరేళ్ళు నిండి పన్నెండేళ్ళు నిండని పిల్లలకు 45 యూరోలు. ఆ వయసు పిల్లలు ఇద్దరున్న ఇంటికి మొత్తం 270 యూరోలు, అంటే యూరో వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో ఇరవై ఏడు వేల పైమాటే. దరఖాస్తు తీసుకునే కేంద్రంవారి సేవా రుసుము, కొరియరు ఖర్చు, ఎస్సెమ్మెస్ ఖర్చు దీనికి అదనం. వీసా నిరాకరించినా ఈ సొమ్ములో పైసా తిరిగి రాదు. ఈ విషయంలో చిలుకూరు బాలాజీ అనుసరించే పద్ధతి కాన్సులేట్లు అధ్యయనం చేయదగినది: ముందు 11 ప్రదక్షిణలు, పని జరిగితే 108. పని జరగకపోతే భక్తుడు బాకీ పడడు. స్వామి బ్యాంకు స్టేట్‌మెంటు కూడా అడగడు.

కాన్సులేటు అడుగుతుంది. కొన్ని దేశాలకు మూడు నెలలది, కొన్నింటికి ఆరు నెలలది కావాలి. యూపీఐ రాక ముందు మధ్యతరగతివాడి ఆరు నెలల జీవితం నాలుగు కాగితాల్లో ఇమిడిపోయేది: జీతం పడింది, అద్దె పోయింది, ఏటీఎంలో ఐదు వేలు తీశాడు. ఇప్పుడు అదే జీవితం అరవై పేజీల గ్రంథం. ఉదయం ఆరుంపావుకు పాల ప్యాకెట్లకు 68 రూపాయలు, తొమ్మిదింటికి టీకొట్టుకు 15, సాయంత్రం మిర్చిబజ్జీల బండికి 40, రాత్రి పదిన్నరకు ఎందుకో 1 రూపాయి. ప్రతి పేజీ మీద బ్యాంకు ముద్ర వేయించుకుని సమర్పించిన ఈ దినచర్యను ఒక ఐరోపా అధికారి ఓపికగా తిరగేస్తూ, ముప్ఫై ఎనిమిదో పేజీలో మిర్చిబజ్జీలకూ కరెంటు బిల్లుకూ మధ్య హఠాత్తుగా ఐదు లక్షల రూపాయలు జమ కావడం దగ్గర ఆగుతాడు.

అది బావమరిది సొమ్ము.

"బావా, డబ్బు వేశాను గానీ నువ్వు ముట్టుకోవద్దు. అక్కడ ఊరికే పడి ఉండాలంతే."

"ముట్టుకోనురా. వాళ్ళకు చూపించి నీకు పంపించేస్తాను."

"అక్కకు కూడా చెప్పకు."

పాపం, ఆ అబ్బాయికి సొమ్ము మీద ఉన్న అవగాహన సరైనదే గాని కాలం మీద లేదు. దరఖాస్తుకు వారం ముందు దిగిన డబ్బును అధికారి అతిథిగానే చూస్తాడు. డబ్బు ఖాతాలో కొన్ని నెలలు ఊరాలి, మధ్యలో కొంచెం తగ్గి మళ్ళీ కొంచెం పెరిగి, యజమానితో పరిచయం ఉన్నట్టు నడుచుకోవాలి. అందుచేత మే నెలలో బయలుదేరదలచినవారు బావమరిదితో దసరా నుంచే మర్యాదగా మెలగడం మంచిది.

తరువాత ఆదాయపు పన్ను రిటర్నులు. ఇక్కడ ఉద్యోగి పరిస్థితి మేలు, అతని జీతం దాగాలన్నా దాగదు. కష్టమంతా సొంత వ్యాపారులకు. ఏటా జూలైలో ఆడిటరుగారి ఎదుట కూర్చుని "ఎంతకు దించగలరు సార్?" అని అడిగిన మనిషి, వీసా ఏడాది అదే కుర్చీలో కూర్చుని "ఎంతకు లేపగలరు సార్?" అని అడగవలసి వస్తుంది. దాఖలైపోయిన రిటర్నులను లేపితే పన్ను కూడా లేస్తుంది కనుక ఆడిటరుగారు నికర ఆస్తి ధ్రువపత్రం అనే మరో కాగితం మీద దృష్టి పెడతారు. పన్ను లెక్కల్లో ఎన్నడూ తలెత్తి చూడని కుటుంబ బంగారం అందులో గ్రాములతో సహా వెలుగులోకి వస్తుంది. ఊళ్ళో ఎకరం పొలానికి పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు తీసి, ఇంగ్లీషులోకి అనువాదం చేయించి, పాసుపోర్టు పక్కన పెడతారు. బ్యాంకు ఖాతాలో మూడు పొడి అక్షరాల చాటున దాక్కున్న మనిషి, పాన్ కార్డులో రెండు పదాలుగా, పాసుపోర్టులో ఇంటిపేరుతో సహా ఐదు పదాలుగా విచ్చుకుని ఉంటాడు కాబట్టి, ఆ ముగ్గురూ ఒక్కరేనని మరొక కాగితం.

ఇన్ని కాగితాల సారాంశం ఒక్కటే: వెళ్ళినవాడు తిరిగి వస్తాడు. కవరింగ్ లెటరు అనే రచన ఈ సత్యాన్ని స్థాపించడానికే పుట్టింది. మామూలు రోజుల్లో మనం బరువులుగా లెక్కపెట్టుకుని నిట్టూర్చేవన్నీ ఆ ఒక్క పేజీలో భాగ్యాలుగా కనిపిస్తాయి. ఇంకా పద్నాలుగేళ్ళు వాయిదాలున్న ఫ్లాటు, మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో ఉన్న తల్లి, ఆరో తరగతి సీటుకు డొనేషను కట్టిన పిల్లవాడు, సెలవు పదకొండు రోజులు దాటితే ఊరుకోనని రాసిచ్చిన మేనేజరు: వీటిలో ఏ ఒక్కటి తగ్గినా అధికారికి అనుమానం వస్తుంది. అంటే బాదరబందీలు లేని మనిషి విహారానికి అనర్హుడన్నమాట.

వీసా రాకముందే హోటలు గదులు బుక్ చేసి చూపాలి, విమానం ఏ రోజు ఎక్కి ఏ రోజు దిగుతామో చూపాలి; అయితే వీసా వచ్చేదాకా టికెట్టు కొనవద్దని కూడా వారే హితవు చెబుతారు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. ఇది మాత్రం వ్యంగ్యం కాదు: మొత్తం సరంజామాలో పెట్టిన ధరకు తగ్గ విలువ ఉన్నది ఈ బీమా ఒక్కటే, అందులోనూ బీపీ, షుగరు వంటి పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివి తీసుకున్నప్పుడే. ఇంత ఖర్చులో కూడా మనవాళ్ళు బేరమాడేది మళ్ళీ దీని దగ్గరే.

ఇక మన సర్కారు వాటా. అరవైలు, డెబ్బైలలో అమెరికా వెళ్ళిన పెద్దలు జేబులో ఎనిమిది డాలర్లతో విమానం దిగామని ఇప్పటికీ గర్వంగా చెబుతారు. అప్పుడు దేశంలో డాలర్లు లేవు. ఇప్పుడు ఉన్నాయి, 2004లో ఎల్‌ఆర్‌ఎస్ (లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్) పథకం కింద విదేశాలకు మనిషికి ఏడాదికి 25,000 డాలర్లు పంపుకోవచ్చని మొదలుపెట్టిన రిజర్వు బ్యాంకు, ఆ హద్దును 2,50,000 డాలర్లకు పెంచింది. పౌరుడికి ఇంత స్వేచ్ఛ దక్కితే ప్రభుత్వానికి కుతూహలం కలగడం సహజం. 2020 అక్టోబరులో విదేశీ టూర్ ప్యాకేజీల మీద 5 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాడే మన దగ్గర ముందుగా వసూలు చేసి సర్కారుకు కట్టే సొమ్ము, వచ్చింది. 2023 అక్టోబరు నుంచి 7 లక్షలు దాటిన సొమ్ము మీద అది 20 శాతం అయింది. 2025 ఏప్రిల్‌లో ఆ 7 లక్షల గీతను 10 లక్షల దగ్గరకు జరిపారు. బడ్జెట్టు బడ్జెట్టుకూ మారే లెక్క కనుక బయలుదేరేముందు ఇప్పుడెంతో కనుక్కోవాలి. ఇది పన్ను కాదని, మన పేరున ముందుగా తీసిపెట్టిన సొమ్మేనని, రిటర్నులో సర్దుకోవచ్చని శాఖవారు మృదువుగా చెబుతారు. అది నిజమే. అయితే ఏడాదిలో విదేశీ ప్రయాణానికి 2 లక్షలు మించి ఖర్చు పెట్టినవాడు, ఆదాయం పన్ను హద్దుకు లోపే ఉన్నా, రిటర్ను దాఖలు చేయక తప్పదనే నిబంధన కూడా ఉంది. అత్తమామల యాత్రకు డబ్బు పెట్టినా అంతే. కాన్సులేటుకు దండిగా, శాఖకు అంతంతమాత్రంగా ఏళ్ళ తరబడి వేరువేరుగా కాపాడుకొచ్చిన రెండు ముఖాలు ఒకే పాన్ నంబరు కింద ఎదురెదురుగా నిలబడేది ఇక్కడే.

చేతి ఖర్చులకు నోట్లు కొంత, ముందుగానే విదేశీ సొమ్ము నింపుకునే ఫారెక్స్ కార్డు కొంత పెట్టుకోవడం వివేకం. నగదు రూపంలో ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువకు మించి ఇవ్వరు. భారతీయ నోట్లు 25,000 రూపాయల దాకా వెంట తీసుకువెళ్ళవచ్చు. పారిస్‌లో వాటిని ఎవరూ పుచ్చుకోరు గాని, తిరిగి వచ్చాక శంషాబాదు నుంచి ఇంటికి క్యాబు మాట్లాడుకోవడానికి పనికివస్తాయి. మామూలు క్రెడిట్ కార్డు గీకితే చాలా బ్యాంకులు మార్పిడి మీద మూడున్నర శాతం దాకా, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి, నూటికి నాలుగు రూపాయల పైచిలుకు తీసుకుంటాయి. అంతకన్నా లోతైన పరీక్ష స్విట్జర్లండులోని లూసెర్న్‌లో చాక్లెట్ల దుకాణంలో ఎదురవుతుంది. యంత్రంలో కార్డు పెట్టగానే "మీ బిల్లు రూపాయల్లో కావాలా, ఫ్రాంకుల్లో కావాలా?" అని అది అడుగుతుంది. పరాయి గడ్డ మీద మాతృదేశపు నాణెం పేరు కనబడగానే గుండె పొంగి రూపాయల మీట నొక్కినవారికి, దుకాణం తాలూకు సంస్థ తనకు తోచిన మారకపు రేటు కడుతుంది. కొన్ని బ్యాంకులు ఆ పైన మళ్ళీ తమ రుసుము వేస్తాయి. దేశభక్తికి ఇంత స్పష్టంగా రేటు కట్టిన యంత్రం మరొకటి లేదు. ఆ దేశపు కరెన్సీనే ఎంచుకున్నవాడు కర్కశుడే కావచ్చు గాని, అతని చేతిలో రెండు చాక్లెట్లు ఎక్కువ ఉంటాయి.

సామాను సంగతి సొమ్ము సంగతి కాదనుకోవద్దు. రెస్టారెంటులో నలుగురి భోజనం ఖరీదును వందతో హెచ్చవేసిన మరుక్షణం ప్రతి తెలుగు తండ్రికీ అన్నం ఎసట్లో పడ్డ శబ్దం వినిపిస్తుంది. అందువల్ల మనిషికి 23 కిలోల సామానులో ముందు కుక్కరు, సోనామసూరి బియ్యం, కందిపొడి స్థానం సంపాదించుకుంటాయి. బట్టలు మిగిలిన జాగాలో సర్దుకుంటాయి. పచ్చళ్ళ దుకాణంవాడు మన ముఖం చూడగానే "ఏ దేశానికండీ?" అని అడిగి, దాన్ని బట్టి పొరల సంఖ్య నిర్ణయిస్తాడు. ముందు పలచని కవరు, దానిపైన గాలి తీసిన కవరు, పైన వెండి రంగు కవరు, ఆపైన టేపు. ఇన్నింటి లోపల ఉన్నది గోంగూరేనని తెలిసేది వాడికీ మనకూ మాత్రమే. దాన్ని చేతిసంచీలో పెట్టుకుంటే భద్రతా సిబ్బంది తీసి పక్కన పెడతారు. నెయ్యి సీసా అసలు వద్దు, బయటి దేశాల ప్రయాణికులు పాల పదార్థాలు తీసుకురాకూడదని ఐరోపా సమాఖ్య నిషేధం ఉంది. బయలుదేరే ముందు రాత్రి, స్ప్రింగు కాటాకు పెట్టె తగిలించి ఇంటాయన ఊపిరి బిగబట్టి ఎత్తగా 24 కిలోల 300 గ్రాములు తేలితే, తీయవలసినది స్వెట్టరా, ఆవకాయా అన్న ప్రశ్నకు ఆల్ప్స్ పర్వతాల చలిని లెక్కలోకి తీసుకోకుండానే జవాబు వస్తుంది.

అక్కడ చూసేవాటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. 3,454 మీటర్ల ఎత్తున యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషనులో రైలు దిగి మంచులో ఫోటో తీసుకుంటారు. జూరిక్‌లో పన్నెండు వందలకు పైగా వీధి నీటిధారలున్నాయని, చాలావాటి నీళ్ళు నిక్షేపంగా తాగవచ్చని తెలిసిననాడు సీసా నీళ్ళ ఖర్చు ఆగుతుంది. ఆ రోజు యాత్రలోకెల్లా ఉల్లాసంగా గడుస్తుంది.

తిరిగి వచ్చినవాడికి మర్యాద పెరుగుతుంది. 2024 ఏప్రిల్ నుంచి భారతీయులకు ఐరోపా సమాఖ్య ఒక ప్రత్యేక ఏర్పాటు చేసింది: మూడేళ్ళలో రెండు వీసాలు తీసుకుని పద్ధతిగా వాడినవారికి, తరువాత రెండేళ్ళపాటు ఎన్నిసార్లయినా వెళ్ళిరాగల వీసా ఇస్తుంది. తిరిగి వస్తాడని రుజువైన మనిషికి మళ్ళీ మళ్ళీ ఖర్చు పెట్టే హక్కు దక్కుతుంది. బావమరిదికి ఈ వార్త కొంత ఆలస్యంగా చెప్పడం మంచిది, ఎందుకంటే చూపించి ఇచ్చేస్తానన్న సొమ్ములో కొంత ఇంటర్‌లాకెన్ దగ్గర దారి తప్పింది.

మిగిలిన విదేశీ నోట్లలో 2,000 డాలర్ల విలువ దాకా ఎన్నాళ్ళయినా ఇంట్లో ఉంచుకోవచ్చు, అంతకు మించినది 180 రోజుల్లో బ్యాంకుకో ఫారెక్స్ డీలరుకో అప్పగించాలని నియమం. మధ్యతరగతి చరిత్రలో ఈ నియమాన్ని ఉల్లంఘించగలిగినంత మిగిల్చుకుని వచ్చినవారు అరుదు. విదేశీ నాణేలను మాత్రం ఎన్నయినా దాచుకోవచ్చని రిజర్వు బ్యాంకు అనుమతించింది. వాటిని మార్చి రూపాయలిచ్చే దుకాణం ఊళ్ళో ఎక్కడా కనబడదు కాబట్టి, ఈ ఔదార్యం వల్ల దేశ ఖజానాకు వాటిల్లే నష్టం ఏమీ లేదు.