బూడిదలో చూసిన నటన

తొలినాళ్ల బ్రిటిష్ సినిమా అంటే కెమెరా ముందు ఆడిన నాటకమేనని పెదవి విరిచే పెద్దలంటే నాకు అపారమైన గౌరవం. చూడని బొమ్మ మీద తీర్పు చెప్పాలంటే దివ్యదృష్టి ఉండాలి కదా!

వారి దగ్గరున్న తిరుగులేని సాక్ష్యం షేక్‌స్పియర్ నాటకం నుంచి తీసిన మూకీ బొమ్మ ‘కింగ్ జాన్’. 1899లో లండన్‌లోని హర్ మెజెస్టీస్ థియేటర్‌లో ఆ నాటకం వేస్తున్న పేరుమోసిన రంగస్థల నటుడు హెర్బర్ట్ బీర్‌బోమ్ ట్రీని ఆరుబయట స్టూడియోకి తీసుకెళ్లి నాలుగు ఘట్టాలు తీశారు. మనకు మిగిలింది ఒక్కటే, నిమిషం పైచిలుకు. విషం ఎక్కిన రాజుగారు కుర్చీలో కూర్చుని చస్తూ ఉంటారు. చావంటే అలాంటిలాంటి చావు కాదు. గుండె పట్టుకుంటారు, మెలికలు తిరుగుతారు, పెదవులు తెగ కదుపుతారు. మాట మాత్రం వినబడదు. పాపం, బాల్కనీ ఆఖరి వరసకు కూడా కనబడేలా చచ్చి అలవాటైన మనిషి! మన పద్యనాటకంలో అయితే వన్స్‌మోర్ అనగానే శవం లేచి ఇంకో రాగం తీసి మళ్లీ పడుకునేది. ట్రీగారికి ఆ భాగ్యమూ లేదు, ఎదురుగా ఉన్నది ఒక పెట్టె. పెట్టె ఈల వెయ్యదు.

సరే, అతి అనే అనుకుందాం. మరి 1913లో అరవయ్యేళ్ల రంగస్థల నటుడు ఫోర్బ్స్-రాబర్ట్‌సన్ సినిమాలో హామ్లెట్‌గా నటించినప్పుడు ఇంగ్లండ్‌లోని లల్‌వర్త్ కోవ్ సముద్రపు ఒడ్డున కోట సెట్టు వేశారే, ఆ సముద్రం కూడా స్టేజీ మీదదేనా? దీనికి పెద్దలు దగ్గుతారు.

అసలు కథ 1911ది. విల్ బార్కర్ అనే నిర్మాత ట్రీకి 1,000 పౌండ్లు ఇచ్చి, షేక్‌స్పియర్ ‘హెన్రీ VIII’ నాటకం నుంచి ఘట్టాలను ఈలింగ్ స్టూడియోలో ఒక్కరోజులో తీశాడు. అందులో రాజుగారి దగ్గర చక్రం తిప్పే మతపెద్ద కార్డినల్ వూల్జీ వేషం ట్రీదే. 20 ప్రింట్లు. ఆరు వారాలు ఆడించారు. ఆ తర్వాత అన్నిటినీ పోగేసి నలుగురి ముందూ తగలబెట్టారు! ప్రమాదం కాదు, యుద్ధం కాదు, దొంగల పని అంతకన్నా కాదు. అరుదైతేనే గిరాకీ అన్న వ్యాపారపు తెలివి. అగ్గిపుల్ల గీసిన చేతికి ఒక్క రీలు, ఒకే ఒక్క రీలు, అటక మీద పడేద్దామన్న బుద్ధి పుట్టలేదా? ఒక మహానటుడి నడక, ఆ దుస్తులు, ఆ గుంపులు, వందేళ్ల తర్వాత మనం చూడాల్సినవన్నీ ఆరు వారాల కలెక్షన్ కోసం కాల్చి పారేశారు. సిగ్గులేని పని!

ఇప్పుడు మన పెద్దలు ఆ సినిమా మీద కూడా వ్యాసాలు రాస్తారు. నటన మరీ నాటకంలా ఉందట. ఏ రీల్లో చూశారయ్యా?