అడవిలో ఎవరి టవరైతే ఏమిటి?

సెలవు దొరికితే హైదరాబాద్ నుంచి బండ్లు బారులుగా శ్రీశైలం రోడ్డెక్కుతున్నాయి. మన్ననూర్ చెక్‌పోస్టు దాటి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి అడుగుపెట్టాక చాలాచోట్ల ఫోన్లలో సిగ్నల్ పోతుంది. ఒకరి ఫోన్ మూగబోయినచోట పక్కవారి ఫోన్ పనిచేస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే ఇద్దరిదీ పోతుంది. మలుపులో బండి బోల్తా పడినా, పెద్దవాళ్లకు గుండెనొప్పి వచ్చినా, జేబులో ఏ కంపెనీ సిమ్ ఉందన్న దాన్నిబట్టే సాయం అందడమో అందకపోవడమో తేలుతోంది. ఈ పరిస్థితి మారాలి.

ఏ నెట్‌వర్క్ మంచిదని నగరంలో అడిగితే 5జీ వేగం, రీచార్జ్ ధర గురించి చెబుతారు. అడవిలో ఆ లెక్క పనికిరాదు. నగరంలో వేగాన్నిచ్చే 5జీ తరంగాలు ఎక్కువ దూరం పోవు. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలే దూరం వెళ్తాయి. జియో 4జీకి 850, ఎయిర్‌టెల్‌కు 900, బీఎస్ఎన్ఎల్ 4జీకి 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు అలాంటివే. అయితే పాత ఫోన్లలో కొన్ని ఆ 700 బ్యాండ్‌ను అందుకోలేవు. పైగా కొండ అడ్డొస్తే ఏ బ్యాండైనా ఒకటే. నల్లమలలోని సలేశ్వరం క్షేత్రం లాంటి లోయలోకి దిగినవారికి టవర్ కొద్ది దూరంలోనే ఉన్నా ప్రయోజనం ఉండదు. కాబట్టి ఫలానా కంపెనీయే గొప్పదని ఎవరైనా గట్టిగా చెబితే, అది వాళ్లు తిరిగిన దారివరకే నిజం.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా ప్రమాణాల నిబంధనల పుణ్యమా అని, కంపెనీలు తమ కవరేజీ మ్యాపులను వెబ్‌సైట్లలో పెట్టాల్సి వచ్చింది. ఇది మంచి అడుగే. కానీ ఎవరి మ్యాపు వారే గీసుకున్నారు. నాలుగు సైట్లు తెరిచి పోల్చుకునే ఓపిక ప్రయాణికుడికి ఎక్కడిది? మ్యాపులో రంగు నిండుగా ఉన్నంతమాత్రాన కొండ చాటున కాల్ కలుస్తుందన్న హామీ లేదు. ట్రాయ్ నగరాల్లో, జాతీయ రహదారులపై చేయించే డ్రైవ్ టెస్టులను (బండిలో తిరుగుతూ సిగ్నల్‌ను కొలిచే పరీక్షలను) శ్రీశైలం ఘాట్‌లో, ఏటూరునాగారం, కవ్వాల్ అడవి దారుల్లో కూడా చేయించి, ఫలితాలను నాలుగు కంపెనీలకూ కలిపి ఒకేచోట, తెలుగులో పెట్టాలి.

అసలు మందు మాత్రం వేరే ఉంది. ఒక కంపెనీ సిమ్ మరో కంపెనీ టవర్‌పై పనిచేసే ఇంట్రా సర్కిల్ రోమింగ్ మన దేశానికి కొత్త కాదు. 2023 జూన్‌లో బిపర్‌జాయ్ తుపాను వేళ గుజరాత్‌లో కేంద్రమే దీన్ని అమలు చేయించింది. మారుమూల ప్రాంతాల్లో టెలికాం సేవల కోసం కేంద్రం నడిపే డిజిటల్ భారత్ నిధి డబ్బుతో కట్టిన 4జీ టవర్లకు 2025 జనవరిలో ఈ వెసులుబాటు కల్పించింది. సర్కారు సొమ్ముతో నిలిచిన టవర్‌పై సాధ్యమైనది, అదే అడవిలో కంపెనీ సొంతంగా కట్టుకున్న టవర్‌పై ఎందుకు కాకూడదు? మేం పెట్టుబడి పెడితే పక్కవాడు వాడుకుంటాడా అని కంపెనీలు అంటాయి. ఆ మాటలో న్యాయం ఉంది. వాడుకున్నవారు అద్దె చెల్లించేలా ట్రాయ్ ధర నిర్ణయించాలి. మొదట కాల్స్, ఎస్ఎంఎస్‌లతోనైనా మొదలుపెట్టాలి.

అటవీశాఖకూ ఇది మేలే. పులులు తిరిగేచోట నాలుగు కంపెనీలూ నాలుగు టవర్లు, నాలుగు జనరేటర్లు పెట్టడంకన్నా ఒక్కటే అందరికీ పనికొస్తే అడవికి నష్టం తగ్గుతుంది. పోనీ శాటిలైట్ ఫోన్ కొనుక్కుందామా అంటే, అనుమతి లేకుండా అది దగ్గరుంచుకోవడమే నేరం. భద్రతా కారణాలతో ఆ తలుపు మూసిన కేంద్రం ఈ రోమింగ్ తలుపైనా తెరవాలి.

మనం ఒక పూట తిరిగి వచ్చేస్తాం. లోపలి పెంటల్లో (అడవి గూడేల్లో) ఉండే చెంచులు అక్కడే బతకాలి. పురిటి నొప్పులు మొదలైతే 108కు ఫోన్ కలవాలి, రేషన్ యంత్రానికి నెట్‌వర్క్ అందాలి. పర్యాటకుల కోసం కాకపోయినా వారికోసం ఈ పని ఎప్పుడో జరగాల్సింది. పెంటలో ఉన్న ఒకే ఒక్క టవర్ తన సిమ్ కంపెనీది కాదని ఒక తల్లికి అంబులెన్స్ అందకపోతే, దాన్ని మార్కెట్ పోటీ అని సరిపెట్టుకోలేం.

ఈలోగా ప్రయాణికులు వేరే కంపెనీ సిమ్ ఒకటి రెండో స్లాట్‌లో రీచార్జ్‌తో ఉంచుకోవాలి. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలోని శ్రీశైలం దారి మూసి ఉంటుంది కాబట్టి ఆలస్యంగా బయల్దేరకూడదు. మన సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా, అక్కడ మరే కంపెనీ సిగ్నల్ ఉన్నా అత్యవసర నంబరు 112కు కాల్ వెళ్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. మన్ననూర్, దోమలపెంట చెక్‌పోస్టుల దగ్గర ఈ నంబరుతోపాటు, దారిలో ఎక్కడ ఏ నెట్‌వర్క్ అందుతుందో తెలిపే బోర్డులు అటవీశాఖ పెట్టించాలి. మేడారం జాతరకు కంపెనీలు తాత్కాలిక టవర్లు నిలబెడుతున్నాయి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం దారి పట్టే భక్తులకూ ఆ ఏర్పాటు ఉండాలి. వచ్చే సలేశ్వరం జాతరకల్లా అది జరిగేలా ప్రభుత్వం ఇప్పుడే కంపెనీలను పిలిచి మాట్లాడాలి.