వాపు లేదని ఇంట్లో ఆగొద్దు
పాము కరిచిన చోట వాపు, నొప్పి లేకపోతే విషం ఎక్కనట్టేనని, ఇంట్లోనే కాసేపు గమనిస్తే చాలని పాముకాటు గురించి మీరు రాసినదాంట్లో ఉంది. ఈ ఒక్క మాట నేను అస్సలు ఒప్పుకోను. రక్తపింజర కరిస్తే వాపు, మంట త్వరగానే తెలుస్తాయి. కట్లపాము అలా కాదు. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, ఒక్కోసారి గాటు వెతికినా కనబడదు. మా పిన్నికి ఇలాగే జరిగింది. తెల్లవారుజామున కడుపునొప్పి అంటే గ్యాస్ అనుకుని బిళ్ల వేశారు. తర్వాత కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది, గుటక పడలేదు. అప్పుడు 108కి ఫోన్ చేశారు. వెంటిలేటర్ మీద పెట్టి బతికించారు. ఈ విషం నరాల మీద పనిచేసి చివరికి ఊపిరి అందకుండా చేస్తుంది, అదీ కొన్ని గంటలు ఆలస్యంగా. అందుకే అనుమానం ఉన్నా చాలు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, బాగానే ఉన్నా ఒక రోజంతా డాక్టర్ల కళ్ల ముందే ఉండాలి. తాడు బిగించి కట్టొద్దని, కోసి రక్తం పీల్చొద్దని మీరు రాసింది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఉంగరాలు, మెట్టెలు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా చూసుకుంటూ, నడిపించకుండా తీసుకెళ్లాలి. పామును చంపి వెంట తేవాలని టైమ్ వేస్ట్ చేయొద్దు. మన దగ్గర ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర నాలుగింటికీ ఒక్కటే. దారిలో ఉండగానే ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ మందు ఉందో లేదో కనుక్కోండి.