చీటీ రాసే చేతిని చూసేదెవరు?

గోదావరి లంక నుంచి పంటు ఎక్కి రేవు దాటి వచ్చిన పెద్దావిడ క్యారీబ్యాగులో మూడు మందుల చీటీలున్నాయనుకుందాం. ఒకటి అమలాపురం డాక్టరుది, ఒకటి కాకినాడ స్పెషలిస్టుది, మూడోది ఊళ్లో ఆర్‌ఎంపీ రాసిచ్చింది. మొదటి రెండింట్లోనూ ఉన్నది ఒకటే షుగర్ బిళ్ల, కంపెనీ పేర్లే వేరు. మెడికల్ షాపు కుర్రాడు గమనిస్తే సరే. లేదంటే ఆవిడ రెండూ వేసుకుంటుంది. తెల్లవారుజామున షుగర్ పడిపోయి చెమటలు పడితే ఇంట్లోవాళ్లు నీరసం అనుకుని ఊరుకుంటారు.

ఊళ్లో ఆర్‌ఎంపీ అంటే డిగ్రీ లేనివాడని అర్థం. చట్టంలో అదే మాటకు రిజిస్టరైన అసలు డాక్టరని అర్థం! డిగ్రీ లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. వాళ్ల సంగతి ఇంకోసారి. మా ప్రశ్న డిగ్రీ ఉన్నవాళ్ల గురించి.

డెల్టాలో ఎండాకాలం కాలువలు కట్టేసి పూడిక తీస్తారు, లాకుల తలుపులు చూస్తారు. నిరుడు బాగానే పారింది కదా అని వదిలేయరు. పాతికేళ్ల కిందట పట్టా పుచ్చుకున్న డాక్టరు ఇవాళ ఏం రాస్తున్నాడో చూసే ఏర్పాటు మాత్రం మనకు లేదు. ఐదేళ్లలో 30 గంటలు కొత్త విషయాలు నేర్చుకోవాలని 2002 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ గంటలు చాలావరకు ఫంక్షన్ హాల్లోనే గడుస్తాయి. పొద్దున సంతకం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్. జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలను 2023 ఆగస్టు 2న నోటిఫై చేసి, మూడు వారాలు తిరిగేసరికి పక్కన పెట్టేసింది.

బ్రిటన్‌లో 2012 డిసెంబరు నుంచి పద్ధతి మారింది. అక్కడ ప్రతి డాక్టరూ ఏటా మరో డాక్టరు ఎదుట కూర్చోవాలి. ఏం నేర్చుకున్నాడు, ఏ కేసు బెడిసికొట్టింది, ఏ ఫిర్యాదులొచ్చాయి అన్నీ మాట్లాడుకోవాలి. రోగులేమంటున్నారో, తోటి ఉద్యోగులేమంటున్నారో కూడా అడుగుతారు. వీటిని బట్టే ఐదేళ్లకోసారి లైసెన్సు కొనసాగుతుంది. అక్కడ హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టరు 215 మంది రోగులను చంపాడని విచారణలో తేలాక ఈ ఆలోచన ఊపందుకుంది. ఏటా సమీక్ష ఉన్నా అలాంటివాడు దొరికేవాడని మేం అనుకోవడం లేదు. రోగుల్లో అతనికి మంచి పేరే ఉండేది. ఈ పద్ధతి పనికొచ్చేది మామూలు డాక్టరుకి. తెలియకుండా వెనకబడిపోయిన వాడికి, పాత అలవాటు కొద్దీ అవే మందులు రాస్తున్నవాడికి, అలసిపోయిన వాడికి. కాగితాల మోత పెరిగిందని అక్కడి డాక్టర్లు విసుక్కుంటున్న మాటా నిజమే.

ఓపీలో క్యూ తరగక మంచినీళ్లు తాగడానికి కూడా తీరిక లేని మన ఏరియా ఆస్పత్రి డాక్టరుకి ఇంకో ఫారం ఇస్తే ఏమవుతుందో ఊహించగలం. అందుకే చిన్నగా మొదలుపెట్టమంటున్నాం. నెలలో ఒక పూట డ్యూటీ తీసేసి, కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ ప్రొఫెసర్ల దగ్గర ఆ డాక్టరు రాసిన పాతిక చీటీలు ముందేసుకుని మాట్లాడనివ్వండి. అక్కడ తేలిన తప్పుకి మెమో ఇవ్వకూడదు. ఇచ్చారో, మరుసటి నెల నుంచి మంచి చీటీలే ఏరి తెస్తారు. ప్రైవేటు వాళ్ల సంగతి రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గర చూడొచ్చు.

రోగికి అన్యాయం జరిగితే విజయవాడలోని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. కౌన్సిల్ తీర్పు నచ్చకపోతే పైకి వెళ్లే దారిని 2019 చట్టంలో డాక్టరుకే రాశారు, రోగి ఊసే లేదు. దాన్ని పార్లమెంటే సరిదిద్దాలి. ఈలోగా చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. ఆస్పత్రిలో ఉండి వస్తే కేస్ షీట్ నకలు అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని రూలు.